రోడ్డు పక్క కసువు ఎవరిది?

నలుగురు సాఫ్టువేరు వాళ్ళు ఒకచోట టీ తాగుతుంటే "మనవాళ్ళకి సివిక్ సెన్స్ లేదండీ" అన్న మాట రాకుండా ఆ టీ పూర్తవదు. వెనకాలే సింగపూరు వస్తుంది, దాని వెనక అమెరికా వస్తుంది, ఆఖర్న "అయినా ఈ దేశం బాగుపడదు లెండి" అనే తీర్పుతో కప్పులు చెత్తబుట్టలో పడతాయి (ఆఫీసులో బుట్ట ఉంటుంది కాబట్టి!). ఈ తీర్పు నాకు మొదట్నించీ మింగుడు పడదు. మనం రోజూ చేసే పనిలో ఒక బగ్గు ఏళ్ళ తరబడి ఓపెన్‌గా ఉందనుకోండి, "ప్రోగ్రామర్ల రక్తంలోనే లోపం ఉంది" అని ఎవరూ రాయరు. ముందు చూసేది ఒకటే గడి: ఎసైన్డ్ టు. ఆ గడి ఖాళీగా ఉంటే, కింద ఎంతమంది వచ్చి "మాకూ ఇదే సమస్య" అని రాసినా ఆ బగ్గు క్లోజ్ కాదు.

రోడ్డు పక్క చెత్త కూడా అలాంటి బగ్గే అని నా వాదన. ఊరికే వాదన కాకుండా చరిత్రలోంచి చూపించాలని ఈ ప్రయత్నం. నాకు బాగా తెలిసిన నేల నెల్లూరు కోస్తా. కావలి నుంచి మైపాడు, కృష్ణపట్నం మీదుగా పులికాట్ దాకా. కాబట్టి కథంతా అక్కడే నడుస్తుంది, మధ్యలో ఒకసారి టెక్సాస్ వెళ్ళొస్తాం.

ముందు మాట దగ్గర మొదలెడదాం. మా వైపు ఇల్లు ఊడ్చడాన్ని "కసువు చిమ్మడం" అంటారు. కసువు అంటే చెత్త. పాత నిఘంటువులు తీసి చూడండి, కసవు అంటే గడ్డి అనీ ఉంటుంది, ఊడిస్తే వచ్చేది అనీ ఉంటుంది. ఎందుకంటే అప్పట్లో ఇంట్లో ఊడిస్తే వచ్చేది గడ్డీ, ఆకూ, పేడా, బూడిదే. అదంతా పెరట్లోనో ఊరి చివరో ఉన్న పెంటదిబ్బకి పోయేది. వేసవి వెళ్ళేలోపు బండికెత్తి పొలానికి తోలేవాళ్ళు. దిబ్బ ఎవరిదో ఊరందరికీ తెలుసు, అది ఆస్తి కిందే లెక్క. పక్కవాడి దిబ్బలో తట్టెడు ఎరువు ఎత్తితే గొడవలైపోయేవి. అంటే చెత్తకి అడ్రసూ ఉంది, ఓనరూ ఉన్నాడు.

ఆ రోజులు బంగారం అని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఊరు శుభ్రంగా ఉండటం వెనక ఇంకో ఏర్పాటు కూడా ఉంది: చచ్చిన గొడ్డుని ఈడ్చే పని, మరుగుదొడ్లు ఎత్తే పని ఫలానా కులాల మీద మోపి మిగతావాళ్ళు చేతులు దులుపుకున్నారు. మనిషి మలాన్ని మనిషి చేత ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం చెయ్యాల్సొచ్చింది. "మనం పడేస్తాం, ఎత్తేవాళ్ళు వేరే ఉన్నారు" అన్న అలవాటు మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికేవాళ్ళు ముందు అక్కడ చూడాలి. దాన్ని సివిక్ సెన్స్ అనే ఇంగ్లీషు మాట కింద దాచేస్తే లాభం లేదు.

ఇహ చట్టాల సంగతి. ఇండియన్ పీనల్ కోడ్ 1860లో తయారై 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 290వ సెక్షన్: విడిగా శిక్ష చెప్పని పబ్లిక్ న్యూసెన్సు దేనికైనా 200 రూపాయల దాకా జరిమానా. 1862లో 200 రూపాయలంటే మాటలా! చిన్న గుమాస్తాకి ఎన్నో నెలల జీతం. ఆ అంకెని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. 2024 జూన్ 30 వరకూ అదే 200. జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చి 292వ సెక్షన్లో దాన్ని 1000 చేసింది. హార్డ్‌కోడ్ చేసిన కాన్‌స్టెంట్ నూట అరవై ఏళ్ళు ప్రొడక్షన్లో నడిచిందన్నమాట :)

నెల్లూరుకి మునిసిపాలిటీ 1866లో వచ్చింది, దానికి ముందు సంవత్సరం చేసిన మద్రాసు పట్టణాల చట్టం పుణ్యాన. దాంతో పట్నం లోపలి వీధులు ఊడ్చే బాధ్యతకి ఒక పేరు వచ్చింది. పట్నం పొలిమేర దాటిన రోడ్డుకి రాలేదు. ఈ గీత గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

అసలు మా కోస్తాకి ఆ రోజుల్లో పెద్ద రోడ్డు నీళ్ళలో ఉండేది. బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు దగ్గర ఎన్నూరు వైపు మొదలైన తవ్వకం ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి సాగింది. 1876-78 నాటి ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత మిగిలిన ముక్కలు కలిపించారు. 1878లో అప్పటి గవర్నరు పేరు పెట్టారు. పెదగంజాం నుంచి నెల్లూరు తీరం వెంబడి మద్రాసు దాటి వెళ్ళే ఈ కాలువలో ఉప్పు, బియ్యం, సరుగుడు కట్టెలు పడవల మీద పోయేవి. రోడ్డు పక్క చెత్త గురించి మాట్లాడుతూ కాలువ గొడవెందుకంటారా? కాలువకి ఓనరు ఉన్నాడు కాబట్టి. లాకు దగ్గర మనిషి ఉండేవాడు. పడవకి లైసెన్సు, నంబరు, సుంకం ఉండేవి. దీనికోసమే 1890లో మద్రాసులో కాలువలూ రేవుల చట్టం కూడా చేశారు. కాలువ పూడితే పడవ ఆగుతుంది, పడవ ఆగితే సుంకం పోతుంది. కాబట్టి కాలువని చూసుకోవడం ఒకరి జీతానికి ముడిపడి ఉండేది.

తర్వాత రైలొచ్చింది, లారీలొచ్చాయి. 1965, 66ల్లో తుఫాన్లు కట్టలు తెంచాయి, 1976లో ఇంకోటి. పడవలు పోయాయి, సుంకం పోయింది, లాకు మనిషి పోయాడు. కాలువ మటుకు అక్కడే ఉంది. దగ్గర్లో ఏ ఊరుంటే ఆ ఊరి చెత్తకి అదే గుంట అయింది. కాలువ పక్క ఊళ్ళ జనం మారలేదు, అదే కుటుంబాలు, అదే రక్తం. మారింది ఎసైన్డ్ టు గడి ఒక్కటే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అలని చాలాచోట్ల ఈ పాడుపడ్డ కాలువే మింగి వెనకున్న ఊళ్ళని కాపాడింది. అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. 2008లో జాతీయ జలమార్గం 4 అని పేరు పెట్టారు. పేరైతే వచ్చింది, లాకు మనిషి రాలేదు.

సరే, ఇప్పుడు ప్లాస్టిక్కు. మా జిల్లా పల్లెల్లోకి ప్లాస్టిక్ ప్యాకెట్టు ఎన్ని దారుల్లో వచ్చిందో లెక్క చెప్పలేం గానీ, ఒక దారి మాత్రం ప్రభుత్వమే వేసింది. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారాని ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి పల్లెపల్లెకీ పంపారు. అంతకుముందు సారా తాగాలంటే కొట్టుకి పోవాలి, గ్లాసు అక్కడే వదిలేసి రావాలి. ప్యాకెట్టు వచ్చాక సారా జేబులో పొలానికొచ్చింది, ఇంటికొచ్చింది, కొరికి తాగి పారేస్తే రోడ్డు పక్కకొచ్చింది. నిండు ప్యాకెట్టు గుమ్మం దాకా తెచ్చే ఏర్పాటు పక్కాగా ఉంది. ఖాళీ ప్యాకెట్టు వెనక్కి తీసుకుపోయే ఏర్పాటు లేదు. ఈ ఒక్క వాక్యంలో సగం చెత్త చరిత్ర ఉంది. షాంపూ అయినా చిప్స్ అయినా గుట్కా అయినా ఆ తర్వాత జరిగిందంతా దీని కాపీ పేస్టే.

ఆ ప్యాకెట్లకి అడ్డం పడింది కూడా మా జిల్లానే. కలిగిరి మండలం దూబగుంట సముద్రానికి దూరంగా మెట్ట ప్రాంతంలో ఉంటుంది, అయినా ఈ కథలో అది లేకపోతే కుదరదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. రాత్రి బళ్ళో చదువుకునే ఆడవాళ్ళు వాచకంలోని సీతమ్మ కథ చదివి, సారా అంగడి మీదకి వెళ్ళారు. ముందు నిలిచిన మనిషి వర్ధినేని రోశమ్మ, దూబగుంట రోశమ్మగా లోకానికి తెలిసిన ఆవిడ, 2016లో పోయింది. వాళ్ళ ఊరి అంగడి మూతపడ్డ సంగతి మరో పాఠంగా అచ్చయి మిగతా ఊళ్ళకి చేరింది. 1992 నాటికి జిల్లా అంతా అదే. సారా బండి ఊళ్ళోకి రానివ్వలేదు, ప్యాకెట్లు పారబోశారు, తగలబెట్టారు, నెల్లూరులో వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

వాళ్ళు పోరాడింది చెత్త మీద కాదు, మొగుళ్ళ కూలి డబ్బుల మీద, ఒంటి మీది దెబ్బల మీద. దాన్ని చెత్త ఉద్యమంగా చిన్నది చెయ్యడం నా ఉద్దేశం కాదు. నేను గమనించమనేది వాళ్ళ పద్ధతి. "ఎవరో వచ్చి ఆపాలి" అని ఊరుకోలేదు. ఊరి పొలిమేర మాది, దీని లోపలికి ఏది రావాలో మేం చెప్తాం అన్నారు. ఆ తర్వాత కలెక్టరు దాకా, వేలంపాట దాకా వెళ్ళారు. ఫిర్యాదుకి బలం ఆ పొలిమేర దగ్గర వచ్చింది. ఇంకో విశేషం చూడండి. జిల్లాలో సారా ఆగిన తొమ్మిది రోజులకి, 1993 ఏప్రిల్ 24న, 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. గ్రామ పంచాయతీలకి అప్పగించదగ్గ పనుల జాబితాలో ఆరోగ్యం, పారిశుధ్యం చేరాయి. ఊరి ఆడవాళ్ళు చేతల్లో తీసుకున్న హక్కుని రాజ్యాంగం రాతలో పెట్టినట్టయింది.

"మనవాళ్ళు అసలు ఫిర్యాదే చెయ్యరు" అనేవాళ్ళకి ఇంకో సంగతి. మన తీరం గురించిన ఫిర్యాదు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన రొయ్యల చెరువుల కేసులో 1996 డిసెంబరు 11న తీర్పొచ్చింది. తీరానికి 500 మీటర్ల లోపు, చిల్కా, పులికాట్ సరస్సులకి 1000 మీటర్ల లోపు ఉన్న చెరువులు 1997 మార్చి 31 లోగా తీసెయ్యాలన్నారు, పాత సంప్రదాయ పద్ధతి వాటిని మినహాయించి. చెరువుల మురుగు కాలువల్లోకి, క్రీకుల్లోకి వదలడం ఆ కేసులో పెద్ద అంశం. తీర్పు అన్నట్టు అమలు కాలేదు, రివ్యూలూ స్టేలూ వచ్చాయి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి చెరువులకి వేరే దారి చూపించింది. పర్యావరణం వైపు నుంచి చూస్తే అది వెనకడుగే అనేవాళ్ళున్నారు. కానీ ఒక్క మంచి మిగిలింది: తీరంలో చెరువు వెయ్యాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. కాలువలో మురుగు కనిపిస్తే ఇది ఎవరి చెరువుది అని అడగడానికి కనీసం ఒక రిజిస్టరుంది. ఢిల్లీ తీర్పు చెయ్యలేని పని చిన్న నంబరు కొంత చేసింది.

ఇప్పుడు కాస్త అమెరికా. అక్కడివాళ్ళు పుట్టుకతోనే శుభ్రం అనుకునేవాళ్ళ కోసం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ కార్లు పెరిగాయి, ఒకసారి వాడి పారేసే సీసాలూ డబ్బాలూ పెరిగాయి, రోడ్ల పక్కన కుప్పలు పడ్డాయి. 1953లో వెర్మాంట్ రాష్ట్రం, తిరిగి తీసుకోని బీరు సీసాలు అమ్మకూడదని చట్టం చేసింది. అదే ఏడాది డబ్బాలూ సీసాలూ చేసే కంపెనీలు కలిసి కీప్ అమెరికా బ్యూటిఫుల్ అనే సంస్థ పెట్టాయి. సీసా తయారుచేసినవాడి సంగతి పక్కకెళ్ళింది, పారేసినవాడి సంస్కారం ముందుకొచ్చింది. 1957లో వెర్మాంట్ చట్టం గడువు తీరి పోయింది. అంటే మనం టీ దగ్గర చెప్పుకునే "జనానికి బుద్ధి లేదు" సిద్ధాంతానికి ఒక స్పాన్సరు ఉన్నాడన్నమాట! 1971లో ఆరిగన్ రాష్ట్రం మళ్ళీ సీసాకి డిపాజిట్టు పెట్టింది. ఖాళీ సీసా తెచ్చిస్తే డబ్బులు. అది నిలబడింది, ఇంకొన్ని రాష్ట్రాలు నేర్చుకున్నాయి.

టెక్సాస్‌లో మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి వాళ్ళకి తెలిసే ఉంటుంది. 1980ల్లో అక్కడి హైవేల మీద చెత్త ఎత్తడానికే ఏటా రెండు కోట్ల డాలర్ల దాకా అయ్యేది. 1985లో టైలర్ పట్నం దగ్గర అడాప్ట్ ఎ హైవే మొదలైంది. రెండు మైళ్ళ రోడ్డుని ఒక క్లబ్బు దత్తత తీసుకుంటుంది, దాని పేరు రోడ్డు పక్కన బోర్డు మీద ఉంటుంది. 1986లో డోంట్ మెస్ విత్ టెక్సాస్ ప్రచారం వచ్చింది. 1987, 90 మధ్య హైవేల మీద చెత్త 72 శాతం తగ్గిందని లెక్క. కారులోంచి చెత్త విసిరేవాడి నంబరు ఎవరైనా రాసి పంపితే, వాడి ఇంటికి ఒక ఉత్తరం, ఒక చెత్త సంచీ పోయే పద్ధతి కూడా పెట్టారు. సింగపూరూ అంతే. 1968లో శుభ్రత ప్రచారం మొదలెట్టినా, కంపు కొట్టే సింగపూరు నదిని బాగుచెయ్యడానికి 1977 నుంచి 1987 దాకా పట్టింది. ఈ దేశాల్లో జరిగిందంతా జాతి సంస్కారం కాదు. రోడ్డు ముక్కకి ఒక పేరు, సీసాకి ఒక వెల, ఫిర్యాదుకి ఒక జవాబు.

మళ్ళీ మా రోడ్డు మీదకొద్దాం. పాత ఎన్‌హెచ్ 5, 2010లో నంబర్లు మార్చాక ఎన్‌హెచ్ 16. చెన్నై నుంచి శుక్రవారం రాత్రి ఊరికి బయల్దేరే మనవాళ్ళకి తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు అన్నీ కంఠతా. దాని పక్కన ఎక్కడైనా ఒక చెత్తకుప్ప చూడండి. రోడ్డు అంచు నుంచి కంచె దాకా హైవే వాళ్ళది. కంచె అవతల సాగునీటి కాలువ గట్టు నీటిపారుదల శాఖది. దాని అవతల పోరంబోకు రెవెన్యూది. ఊరి ముందు భాగం పంచాయతీది. సముద్రం వైపు సరుగుడు తోపు అటవీ శాఖది కావచ్చు. వంద గజాల్లో అయిదుగురు ఓనర్లు. కుప్ప మాత్రం సరిగ్గా వీళ్ళ సరిహద్దుల మీదే పడుతుంది, ఎందుకంటే అక్కడ అడిగేవాడు లేడని పారేసేవాడికి మనకంటే బాగా తెలుసు.

మా ఊరికి పోయే దారిలో ఇలాంటి కుప్ప ఒకటుంటే నేను ఒక ఆఫీసుకి ఫోను చేశాను. "అది మా లిమిట్స్‌లోకి రాదు సార్" అన్నారు. వాళ్ళు చెప్పిన రెండో ఆఫీసులో "కాలువ గట్టు కదా, మాది కాదు" అన్నారు. మూడోచోట ఒక పెద్దాయన జాలిపడి "ఏం అబ్బయ్యా, మద్రాసు నుంచి ఇందుకోసం ఫోను చేస్తుండావా?" అన్నాడు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. మన భాషలో చెప్పాలంటే మూడు టీములూ "నాట్ మై కాంపొనెంట్" అని టికెట్ తిప్పి పంపాయి, అంతే.

చట్టాల్లో కూడా ఇదే ఖాళీ. నేను ఇందాక గుర్తుపెట్టుకోమన్న గీత ఇదే. 2000లో వచ్చిన చెత్త నిబంధనలు మునిసిపాలిటీలకి రాశారు. 2016లో తిరగరాసినప్పుడు పరిధి పెంచారు, చిన్న పట్నాలూ రేవులూ యాత్రాస్థలాలూ చేర్చారు, మామూలు పల్లెలు అప్పటికీ బయటే. అదే ఏడాది వచ్చిన ప్లాస్టిక్ నిబంధనలు మాత్రం గ్రామ పంచాయతీలకి కూడా బాధ్యత పెట్టాయి. అంటే 2016లో మా ఊరి రోడ్డు పక్కన కొబ్బరి బొండాం పడితే ఒక లెక్క, దాని పక్కన స్ట్రా పడితే ఇంకో లెక్క! ఇహ క్యారీబ్యాగు మందం సంగతి చూస్తే అచ్చం వెర్షన్ హిస్టరీలా ఉంటుంది: 1999లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50, 2021లో 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. ప్రతి వెర్షనూ సంచిని లావు చేసింది. షాంపూ ప్యాకెట్టుకి ఈ కొలత వర్తించదు.

ఇంతకీ ఏం చెయ్యాలి? నేను నాయకుణ్ణి కాను, ఉద్యమకారుణ్ణీ కాను. బగ్ రిపోర్టు రాయడం మాత్రం మనందరికీ వచ్చు. అదే ఇక్కడ చెయ్యమంటాను.

మొదటిది, ఓనర్ని కనుక్కోవడం. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. "ఫలానా కిలోమీటరు రాయి దగ్గర, ఫలానా సర్వే నంబరు భూమి ఏ శాఖది? అక్కడ చెత్త తీయించే బాధ్యత ఏ అధికారిది?" అని రెండు ప్రశ్నలు చాలు. రాతపూర్వకంగా ఒక్కసారి పేరు బయటికొచ్చాక "మాది కాదు" అనడం కష్టం. హైవే మీదయితే 1033 నంబరుంది.

రెండోది, రిపోర్టు రాసే పద్ధతి. "రోడ్డు చాలా దారుణంగా ఉంది, ఎవరూ పట్టించుకోవడం లేదు" అనేది ఏడుపు, రిపోర్టు కాదు. ఎక్కడ, ఎప్పట్నించి, ఏమిటి (కోళ్ళ వ్యర్థాలా, కల్యాణమంటపం ఆకులా, రొయ్యల మేత సంచులా), ఏ రోజు ఏ వేళ పడుతోంది, ఇంతకుముందు ఎవరికి చెప్తే ఏమన్నారు. ఏమిటి అన్నది ముఖ్యం, ఎందుకంటే అది చెప్తే పారేసేది ఎవరో సగం తెలిసిపోతుంది. రోడ్డు పక్క పెద్ద కుప్పలన్నీ దారినపోయేవాళ్ళు వేసినవి కావు. ఒకటి రెండు దుకాణాలో, ఒక ట్రాక్టరో రోజూ వేసినవి చాలా ఉంటాయి. వాటిని ఆపడం వెయ్యిమంది బుద్ధి మార్చడం కంటే తేలిక.

మూడోది, పెద్ద మందు. పాత సీఆర్‌పీసీ 133, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152. దారిలో, బహిరంగ స్థలంలో న్యూసెన్సు ఉందని సమాచారం అందితే ఆర్డీవో, కలెక్టరు "ఇన్ని రోజుల్లో తీసెయ్యి, లేదా వచ్చి కారణం చెప్పు" అని ఉత్తర్వు ఇవ్వొచ్చు. దీనికి లాయరు అక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్నంలో ఒక వీధి జనం మురుగు గురించి ఇదే సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గరికెళ్ళారు. మునిసిపాలిటీ డబ్బుల్లేవంటూ సుప్రీం కోర్టు దాకా వెళ్తే, 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు చెల్లదన్నారు. ఒక్క వీధి వాళ్ళు సాధించిన తీర్పు అది.

నాలుగోది, చెత్తకి వెల. తమిళనాడులో హైకోర్టు ఆదేశం మీద 2022లో నీలగిరి జిల్లాలో మద్యం సీసాకి 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇవ్వడం మొదలెట్టారు. తర్వాత వేరే జిల్లాలకీ పాకింది. పది రూపాయలున్న సీసా అడవిలో ఎంతసేపుంటుంది? తాగినవాడు వదిలేసినా ఇంకొకడు ఎత్తుకుంటాడు. మైపాడు, కోడూరు బీచిల దగ్గర ఇదెందుకు కుదరదో నాకర్థం కాదు. పంచాయతీ తీర్మానం చేసి అడగదగ్గ విషయం ఇది.

వెల ఉంటే జనం ఎంత జాగ్రత్తగా ఉంటారో చూడాలంటే నేలపట్టు వెళ్ళండి. పులికాట్‌కి దగ్గర్లో ఆ చెరువులో గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. 1976లో ప్రభుత్వం రక్షిత కేంద్రంగా ప్రకటించింది గానీ, అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఊరివాళ్ళు ఆ పక్షుల జోలికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. కారణం సెంటిమెంటు ఒక్కటే కాదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువు. అంటే అక్కడ వ్యర్థానికి ఓనరు ఉన్నాడు, పెంటదిబ్బ లెక్కే.

అక్కణ్ణుంచి సూళ్ళూరుపేట వెళ్ళి శ్రీహరికోట రోడ్డు ఎక్కండి. సరస్సు మధ్యలోంచి వేసిన రోడ్డు, నీళ్ళున్న రోజుల్లో రెండు వైపులా ఫ్లెమింగోలు. 2001 నుంచి ఫ్లెమింగో పండగ పేరుతో జనం వస్తున్నారు. ఆ గట్టు మీద విసిరిన కవరు గాలికి ఎగిరి పడేది నీళ్ళలోనే, ఎత్తడానికి అక్కడ వేరే నేలే లేదు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ ప్రాంతం తిరుపతి జిల్లా. నెల్లూరు కలెక్టరుకి రాసిన ఉత్తరం ఇప్పుడు రాంగ్ అడ్రస్సు. సరస్సు దక్షిణ కొస తమిళనాడుది. పక్షులకి ఈ సరిహద్దులేవీ తెలీవు, చెత్తకీ తెలీవు. తెలియాల్సింది రిపోర్టు రాసే మనకే.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నేను చెయ్యబోయేది ఇదీ: మా ఊరి మలుపు దగ్గరి కుప్ప సర్వే నంబరు సచివాలయంలో కనుక్కుని, పైన చెప్పిన రెండు ప్రశ్నలతో దరఖాస్తు ఇవ్వడం. జవాబులో ఒక పేరు రావాలి. వస్తే ఆ పేరు గ్రామసభలో చదివి వినిపించాలని ఉంది. మీ ఊరి మలుపు దగ్గర కూడా ఒక కుప్ప ఉండే ఉంటుంది. అది ఎవరి భూమిలో ఉందో మీకు తెలుసా?